మీ పేదరికానికి ఎమ్మార్వో సంతకం ఉందా?



పోయిన ఏడాది మా బడిలో ఒక సభ జరిగింది. ఒక నాయకుడు వచ్చినాడు. పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్కడి కథ అనుకుంటారు. కాదు, ఇది అందరి కథ. షామియానా వేసి పిల్లోళ్ళను పొద్దున తొమ్మిది గంటల నుంచి కూర్చోబెట్టినాం. ఆయన పన్నెండున్నరకు వచ్చి మైకు అందుకున్నాడు. తాను పల్లెటూరి బిడ్డనన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేకుండా మైళ్ళు నడిచి బడికి పోయినానన్నాడు. బుడ్డీదీపం ముందర కూర్చొని చదివినానన్నాడు. సంగటి ముద్దలో పచ్చిమిరపకాయ నంజుకొని పెరిగినానన్నాడు. కష్టపడితే మీరు కూడా నా మాదిరి అవుతారన్నాడు. చప్పట్లు కొట్టమని పిల్లోళ్ళకు సైగ చేసింది మేమే. కొట్టినారు.

సభ అయిపోయినాక ఎనిమిదో తరగతి పాప ఒకతి నా దగ్గరికొచ్చింది. మా వాడల నుంచి వచ్చే పిల్లే. "సార్, మా అవ్వ కూడా చెప్పుల్లేకుండానే నడిచింది కదా. ఆయప్ప కంటే ఎక్కువే కష్టపడింది. మరి మా అవ్వ ఎందుకు ఎమ్మెల్యే కాలేదు?" అనింది.

నేను నోరు తెరవలేదు. జవాబు తెలీక కాదు. తెలిసిన జవాబు ఆ షామియానా కింద నిలబడి చెప్పే ధైర్యం చాలక. ఇరవై ఏండ్లుగా అయ్యవారి ఉద్యోగం చేస్తున్నవాడిని, పదమూడేండ్ల పిల్ల ముందర తలొంచుకున్నా. ఆ పాపకు బాకీపడ్డ జవాబు ఇది. ఆలస్యంగానైనా రాస్తున్నా.

1950లో పుట్టినవాళ్ళు

మన జిల్లాలో చిన్నతనం కథ అంటే అందరికీ గుర్తొచ్చేది నారావారిపల్లె. చంద్రగిరి మండలం. 1950 ఏప్రిల్ 20న నారా చంద్రబాబునాయుడు అక్కడ పుట్టినాడు. తండ్రి ఖర్జూరనాయుడు సేద్యగాడు. ఊర్లో బడి లేదు. శేషాపురం బడికి పోయి అయిదో తరగతి దాకా చదివినాడు. తర్వాత చంద్రగిరి హైస్కూలు, ఆ తర్వాత తిరుపతి. కాలేజీ, యూనివర్సిటీ చదువులు కూడా తిరుపతిలోనే. ఈ నడక కథ మనం ఎన్ని మీటింగుల్లో విన్నామో లెక్కలేదు. 2024 జూన్‌లో నాలుగోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినాడు. కథ ఇంకా నడుస్తానే ఉంది.

అదే 1950లో, సెప్టెంబరు 17న, గుజరాతులోని వడ్‌నగర్‌లో నరేంద్ర మోదీ పుట్టినాడు. రైల్వే స్టేషన్లో తండ్రికి తోడుగా టీ అమ్మినాననేది ఆయన కథ. అది 2014 ఎన్నికల్లో దేశమంతా తిరిగింది.

అదే 1950లో, జనవరి 26న, ఇంకొకటి పుట్టింది. భారత రాజ్యాంగం. అంటరానితనాన్ని రద్దు చేసినామని దాని పదిహేడో అధికరణం చెప్పింది. దాని చిన్నతనం ఎట్ల గడిచిందో, మన పల్లెల్లో అది ఎన్ని మైళ్ళు నడిచిందో, యాడ కూలబడిపోయిందో ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పరు.

ఆ ఏడే పుట్టిన నాలుగో మనిషి మా అమ్మ. తేదీ తెలీదు. రేషన్ కార్డులో ఏదో ఒకటి రాసుకున్నారు. పుట్టింది మాదిగింట్లో. వాళ్ళ ఊరు చంద్రగిరికి నడిచిపోయేంత దూరమే. అప్పటికి మన చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. నేను ఒకసారి అమ్మను అడిగినా, "నువ్వు బడికి ఎందుకు పోలేదమ్మా?" అని. "పోకేమిరా! దినామూ బడి ముందర నుంచే గొడ్లు తోలకపోతా వుంటి. లోపల పిల్లోళ్ళు ఒంట్లు చెప్తా వుంటే యింటా వుంటి. నిలబడితే అయ్యవారు బెత్తం చూపిస్తా వుండె," అనింది. ఇరవై దాకా ఒంట్లు ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు. బడి బయట నేర్చుకున్నవి.

అవే దోవలు, అదే కాలం. ఒక పిల్లోడు ఆ దోవన బడికి నడిచినాడు. ఒక పిల్ల అదే దోవన ఇంకొకరి గొడ్ల వెనకాల నడిచింది. ఇద్దరి కాళ్ళకూ చెప్పుల్లేవు. దీన్నే మన నాయకులు "అందరం కష్టపడినాం" అని ఒక్క గంపలో వేసి అమ్ముతున్నారు.

రెండెకరాల సంగతి

చంద్రబాబు చిన్నతనం కథకు రెండు పాఠాలున్నాయి. ఒకటి ఆయన మనుషులు చెప్పేది: మామూలు రైతు బిడ్డ ఎంత ఎత్తుకు ఎదిగినాడో చూడండని. రెండోది ఆయన వ్యతిరేకులు చెప్పేది: రెండెకరాల ఆసామికి ఇంత ఆస్తి యాడిదని. కాంగ్రెసు అన్నది, ఆనక వైఎస్సార్ కాంగ్రెసు అన్నది. ముప్పై ఏండ్లుగా ఈ రెండెకరాల మాట మన జిల్లా టీ కొట్లలో నలుగుతా ఉంది. జనం ఒకదానికి చప్పట్లు కొడతారు, రెండోదానికి నవ్వుతారు.

ఆ రెండెకరాలను మా వాడ వైపు నుంచి ఒకసారి చూడండి. మాకు అవి తక్కువగా కనపడవు. సొంత పట్టా భూమి అంటే మా తాతల కలలోకి కూడా రాలేదు. మా నాయన ఒక పెద్దరైతు ఇంట్లో జీతానికుండినాడు. ముసలితనంలో ఆయనకు ముక్కాలు ఎకరా డీకేటీ పట్టా ఇచ్చినారు. గుట్ట వార, రాళ్ళ నేల. రెండు వానలు పడకముందే మా అక్క పెండ్లికి తెచ్చిన అప్పు కింద అది పోయింది. అసైన్డ్ భూమిని అట్ల రాయించుకోవడం చెల్లదు, తిరిగి ఇప్పించాలి అని 1977 నాటి చట్టం చెప్తుంది. 1977 చట్టం గురించి నేను డిగ్రీలో చదువుకున్నా. మా నాయనకు అది చెప్పేనాటికి ఆ నేలలో ఇంకొకరి మామిడి చెట్లు కాపుకొచ్చినాయి.

కాబట్టి రెండెకరాలు నిజమా అబద్ధమా అనే తగాదా రెండు పెద్ద కులాల పార్టీల మధ్య తగాదా. మా ప్రశ్న అది కాదు. రెండెకరాలున్నోడు పేదవాడయితే, ఆ రెండెకరాల్లో కూలికి పోయినోళ్ళను ఏమని పిలుస్తారు? వాళ్ళకు మీ కథలో ఒక పేరైనా ఉందా?

నడిచినవాడికి దోవ చివర ఏముంది?

ఆయన నడవలేదని నేను అనను. తెలివి లేదని అంతకన్నా అనను. యూనివర్సిటీలో విద్యార్థి రాజకీయాలు, 1978లో ఇరవై ఎనిమిదో ఏట చంద్రగిరి నుంచి కాంగ్రెసు ఎమ్మెల్యే, 1980లో మంత్రి, 1981లో ఎన్టీఆర్ అల్లుడు, 1992లో హెరిటేజ్ కంపెనీ, 1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి. ఇదంతా జరిగిన చరిత్ర. ఇందులో ఒళ్ళు వంచిన కష్టమూ ఉంటుంది, రాత్రింబగళ్ళు పనిచేసిన గుణమూ ఉంటుంది. ఒప్పుకుంటా.

కానీ కష్టం ఒకటే మనిషిని అసెంబ్లీకి పంపదు. శేషాపురం దోవన నడిచిన పిల్లోడికి దోవ చివర ఒక టికెట్ ఉండింది. టికెట్ ఇచ్చే పెద్దల దగ్గర కూర్చొని మాట్లాడగలిగే కులం ఉండింది. ఊరూరా "మనోడు" అనుకునే ఇండ్లు ఉండినాయి. నాయకుడి చిన్నతనం కథలో కాళ్ళు కనపడతాయి, చెమట కనపడుతుంది, దీపం కనపడుతుంది. ఇవి మాత్రం కనపడవు. ఎందుకంటే ఇవి చెప్పిన మరుక్షణం కథ "కష్టపడితే ఎవరైనా" అనే చోట ఆగిపోతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి ఈ రోటిదాకా లెక్క తీయండి. దళిత ముఖ్యమంత్రి ఒక్కడే, దామోదరం సంజీవయ్య. కర్నూలు దగ్గర పెదపాడులో మాల కుటుంబంలో పుట్టినాడు. పసితనంలోనే తండ్రి పోయినాడు. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా, రెండేండ్ల రెండు నెలలు. అంతే. తర్వాత ఇటు ఆంధ్రలోనూ లేదు, అటు తెలంగాణలోనూ లేదు. తెలంగాణ వస్తే మొదటి ముఖ్యమంత్రి దళితుడే అని కేసీఆర్ మాట ఇచ్చినాడు. 2014లో ఆ కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఈ అరవై ఏండ్లలో చెప్పుల్లేకుండా నడిచిన మాల, మాదిగ పిల్లోళ్ళు ఎన్ని లక్షల మందో! వాళ్ళల్లో ఎవరూ కష్టపడలేదా?

మన జిల్లాల్లో రిజర్వుడు స్థానాలు లేవా అంటారు. ఉన్నాయి. సత్యవేడు, గంగాధరనెల్లూరు, పూతలపట్టు ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు పార్లమెంటు స్థానాలు రెండూ ఎస్సీలవే. కానీ టికెట్ ఎవరికి ఇవ్వాలో తేల్చే గదిలో మావాళ్ళెందరు? గెలిచిన మా ఎమ్మెల్యే యాడ కూర్చోవాలో చెప్పేది ఎవరు? జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

టీ గ్లాసు

మోదీ టీ అమ్మినాడా లేదా అని దేశమంతా పందేలు వేసుకున్నది. సాక్ష్యం యాడ అని ఒకరు, బీదవాడిని అవమానిస్తారా అని ఇంకొకరు. 2014 జనవరిలో మణిశంకర్ అయ్యర్ అనే కాంగ్రెసు పెద్దమనిషి ఆయన ప్రధాని కాలేడు, కావాలంటే మా సభలో టీ ఇచ్చుకోవచ్చు అన్న ధోరణిలో ఎగతాళి చేసినాడు. ఆ ఎగతాళిలో నేను కలవను. టీ అమ్మేవాడిని చూసి నవ్వే నోరు రేపు చెప్పులు కుట్టేవాడిని చూసి కూడా నవ్వుతుంది. అది పని చేసే చేతుల మీద ఉమ్మేసే నవ్వు.

మేము అడిగేది వేరే. నా చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు. ఊరోళ్ళకు గాజు గ్లాసు లోపల. మాకు బయట పందిరి గుంజకు తగిలించిన సత్తు గ్లాసు. తాగినాక కడిగి మళ్ళీ అక్కడే తగిలించాల. డబ్బులు చేతికి ఇవ్వకూడదు, పలక మీద పెట్టాల. కాబట్టి ఎవరైనా చిన్నప్పుడు టీ కొట్టు నడిపినానంటే నాకు మొదట వచ్చే ప్రశ్న ఇది: అయ్యా, మీ కొట్టులో మావాళ్ళకు ఏ గ్లాసులో పోస్తా వుండినారు? ఎన్టీరామారావు కుర్రతనంలో బెజవాడ హోటళ్ళకు పాలు పోసినాడని అభిమానులు గొప్పగా చెప్తారు. మంచిదే. అప్పట్లో మాదిగోడు పాలు తెస్తే ఏ హోటలు పోయించుకునేది? బీదతనం అందరిదీ ఒకటే అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాల. బీద శూద్రుడు తెచ్చిన పాలు పాలే. మేము ముట్టుకుంటే మైల.

సర్టిఫికెట్ కథ

ఇక అసలు సంగతికి వస్తా. ప్రతి ఏడూ బడులు తెరిచినాక మా పిల్లోళ్ళు కుల ధృవీకరణ పత్రం కోసం, ఆదాయ ధృవీకరణ పత్రం కోసం తిరగతారు. ఫోటో కావాల, రేషన్ కార్డు కావాల, ఆధార్ కావాల. ఇప్పుడు తహసీల్దారు అంటున్నారు గానీ జనం నోట్లో ఇంకా ఎమ్మార్వోనే. ఆయన సంతకం కావాల. నా చదువు రోజుల్లో ఒక్క ఆదాయం సర్టిఫికెట్ కోసం మా నాయన నాలుగు కూలి దినాలు పోగొట్టుకున్నాడు. "నీ ఆదాయం ఇంతేనని నమ్మకమేంది?" అని అడిగినారు. గోచీ పెట్టుకొని నిలబడిన మనిషిని!

చూడండి మిత్రులారా. మా పిల్లోడు పేదవాడని నిరూపించుకోవాల. నిరూపించుకుంటే వచ్చేది కొద్దిపాటి స్కాలర్‌షిప్పు. అదే నాయకుడు మైకు ముందర నిలబడి నేను పేదింట్లో పుట్టినానంటే ఏ ఎమ్మార్వో సంతకమూ అక్కర్లేదు. వీఆర్వో విచారణ లేదు. దానికి వచ్చేది రాజ్యం.

ఇంకో అడుగు ముందుకు పోదాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినాడు. గుంటూరులో తల్లి రాధిక బట్టలు కుట్టి సాకిన బిడ్డ. ఆ పిల్లోడి చావుకు కారణమెవరని అడగాల్సిన వ్యవస్థ ఏమడిగింది? వాడు నిజంగా దళితుడేనా అని అడిగింది. రూపన్‌వాల్ కమిషన్ కాదన్నది. 2024 మేలో తెలంగాణ పోలీసులు కేసు మూసేస్తూ అదే మాట రాసినారు. గొడవ జరిగినాక మళ్ళీ విచారిస్తామన్నారు. ఒక తల్లి పడిన పాట్లను, ఒక బిడ్డ చిన్నతనాన్ని, ఎవరింట్లో పెరిగినాడు, ఎవరిని అమ్మమ్మ అని పిలిచినాడు అనే దాకా తవ్వి పోసినారు. చచ్చిపోయిన దళితుడి చిన్నతనానికి ఇంత విచారణ! బతికున్న నాయకుల చిన్నతనానికి చప్పట్లు!

ఈ దేశంలో అనుమానం కూడా కులం చూసి పడుతుంది.

అదే 2016 ఫిబ్రవరిలో, రోహిత్ పోయి నెల తిరక్కముందే, మన ముఖ్యమంత్రి ఎస్సీల్లో పుట్టాలని ఎవరు కోరుకుంటారనే అర్థం వచ్చేట్టు మాట్లాడినాడని పత్రికల్లో వచ్చింది. ఊరూరా మావాళ్ళు రోడ్డెక్కినారు. మాటలు వక్రీకరించినారని ఆ పార్టీ వాళ్ళన్నారు. సరే, వాళ్ళు చెప్పినట్టే మంచి అర్థంలోనే అన్నాడనుకుందాం. అయినా నేను ఆ మాటకు థాంక్స్ చెప్తా. ఎందుకంటే మీటింగుల్లో దాచిపెట్టిన నిజం అందులో ఉంది. పేదగా పుట్టినానని చెప్పుకోవడం గొప్ప. దళితుడుగా పుట్టడం ఎవరూ కోరుకోనిది. మరి ఈ రెండూ ఒకటే అని మైకుల్లో ఎట్ల చెప్తారయ్యా?

మోసం ఈనాటిది కాదు

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కూడా కాదు. 1840లో అమెరికాలో విలియం హెన్రీ హారిసన్ అనేవాడు అధ్యక్ష పదవికి నిలబడినాడు. మొద్దుల గుడిసెలో కూర్చొని నాటు సారా తాగే ముసలాయన అని ఎదుటి పార్టీ పత్రిక ఎగతాళి చేసింది. ఆయన పార్టీ దాన్నే పట్టుకొని ఊరూరా గుడిసె బొమ్మలు ఊరేగించింది. పేదోడు మన హారిసన్ అన్నారు. గెలిచినాడు. నిజానికి ఆయన పుట్టింది వర్జీనియాలో బానిసలతో సేద్యం చేయించే ఎస్టేటు బంగళాలో. తండ్రి ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన పెద్దమనిషి. ఆ ఊరేగింపుల్లో గుడిసె బొమ్మ కనపడింది. నిజంగా గుడిసెల్లో ఉండిన నల్ల బానిసలు కనపడలేదు. వాళ్ళకు ఓటే లేదు.

మనకు ఓటుంది. అంబేద్కర్ ఇచ్చిన ఓటు. అందుకే గుడిసె కథ మన దగ్గర ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తుంది.

2023 ఏప్రిల్లో ఏడీఆర్ సంస్థ ముఖ్యమంత్రుల అఫిడవిట్లు లెక్కగట్టింది. దేశంలో అందరికన్నా ధనవంతుడైన ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి, 510 కోట్లు. అప్పుడాయన ఊరూరా చెప్తా ఉండింది పేదలకూ పెత్తందార్లకూ యుద్ధం అని, తాను పేదల పక్షమని. 2024 డిసెంబరులో మళ్ళీ లెక్కగట్టినారు. ఈసారి మొదటి స్థానం చంద్రబాబునాయుడిది, 931 కోట్లు. అందులో పెద్ద భాగం హెరిటేజ్ వాటాలే, వాళ్ళే రాసిచ్చిన లెక్క. దేశంలోకెల్లా ధనిక ముఖ్యమంత్రి రెండుసార్లూ మనోడే! ఒకాయన పేదల సేనాపతి, ఇంకొకాయన పేద రైతు బిడ్డ. మరి మా వాడల్లో ఇంకా గుట్ట వార రాళ్ళ నేల ఎందుకుంది?

జనం నమ్ముతారా?

మన జనం అంత అమాయకులు కారు. 2003 అక్టోబరు 1న ఇక్కడే, మన అలిపిరి దగ్గర, చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చినారు. ఆయన గాయాలతో బయటపడినాడు. ఆ దాడి తప్పు. మనిషిని చంపి మార్పు తెస్తామనే దోవ అంబేద్కర్ దోవ కాదు. వెంకన్నస్వామే కాపాడినాడనే మాట ఊరూరా తిరిగింది. జనం అయ్యో అన్నారు, నిజంగానే అన్నారు. నవంబరులో అసెంబ్లీ రద్దయింది. 2004 ఎన్నికల్లో తెలుగుదేశానికి 47 సీట్లు వచ్చినాయి. వరసగా కరువులు, ఉరి వేసుకున్న రైతులు, పనుల్లేక బెంగుళూరు బస్సెక్కిన కూలోళ్ళు. జనం మనిషి మీద జాలిపడినారు, ఓటు మాత్రం కడుపును అడిగి వేసినారు.

కథను వినే చెవి వేరు, ఓటు వేసే చెయ్యి వేరు అని మా అమ్మలాంటోళ్ళకు తెలుసు. తెలీనిది చదువుకున్న మాకే. షామియానాలు వేసేది మేము, చప్పట్లకు సైగ చేసేది మేము.

నా తప్పు కూడా రాస్తా

ఇక్కడ నన్ను నేను అడుక్కోవాల్సిన మాట ఒకటుంది. నేనూ ఇదే కథ చెప్పినా. ఉద్యోగం వచ్చిన కొత్తలో పిల్లోళ్ళతో, "చూడండ్రా, నేను మాదిగోడి కొడుకును, హాస్టల్లో పురుగుల అన్నం తిని చదివినా, కష్టపడి అయ్యవారినయినా, మీరూ కష్టపడండి" అనేవాడిని. వాళ్ళు నోరు తెరుచుకొని వినేవాళ్ళు. నాకు అది బాగుండేది.

అది సగం నిజం. మిగతా సగం చెప్పలేదు. నాతో పాటు మా వాడలో తొమ్మిది మంది బడికి పోయినారు. మా వాడలో అందరికన్నా తెలివైనోడు నేను కాదు. ఆ పిల్లోడు అయిదో తరగతిలో ఉండగానే వాళ్ళ నాయన తీసుకున్న అడ్వాన్సు కింద బెల్లం గానుగ దగ్గర పనికి పోయినాడు. ఇప్పటికీ అప్పు కడతానే ఉన్నాడు. నాకు హాస్టల్లో సీటు దొరికింది. రిజర్వేషన్ ఉండింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినాక మావాళ్ళు రోడ్డు మీదికి వచ్చి అడగబట్టి ఆఫీసుల్లో మమ్మల్ని కాస్త మనుషులుగా చూడటం మొదలైంది. నా ఉద్యోగంలో నా కష్టం పాలెంత, వాళ్ళు చిందించిన రక్తం పాలెంత? నేను కష్టం మాట చెప్పి రక్తం మాట మింగేసినా. ఆ పొద్దు ఆ నాయకుడు చేసిందీ, నేను ఇన్నేండ్లు చేసిందీ ఒకటే పని. ఆయన పెద్ద మైకులో చేసినాడు, నేను చిన్న గదిలో చేసినా.

మన నాయకులకు కూడా ఇది చెప్తున్నా. కాలనీలో పుట్టినానని చెప్పుకొని గెలిచి, గెలిచినాక కాలనీ దోవ మరిచిన మావాళ్ళు తక్కువేం లేరు. పుట్టుక చెప్పుకుంటే సరిపోదు. పుట్టినచోటికి ఏం తెచ్చినావో చెప్పు.

చిన్నతనం ఎట్ల చెప్పాలో నేర్పినవాడు అంబేద్కర్. బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్న సంగతి, నౌకరు కొళాయి తిప్పితే తప్ప దప్పిక తీరని సంగతి, 1901లో గోరెగాం దోవలో చిన్నపిల్లలుగా నీళ్ళ కోసం అల్లాడిన సంగతి ఆయన రాసిపెట్టినాడు. యాడా "చూడండి నేనెంత ఎదిగినానో" అని లేదు. "చూడండి మిమ్మల్ని ఏం చేస్తున్నారో" అని ఉంది. కేరళ పల్లెలో మైళ్ళు నడిచి, ఫీజు కట్టలేక తరగతి బయట నిలబడి పాఠం విన్న కె.ఆర్. నారాయణన్ 1997లో రాష్ట్రపతి అయినాడు. ఆ పదవిలో ఉండి కూడా పెద్ద కోర్టుల్లో మన జడ్జీలు ఎందుకు లేరని అడిగినాడు. నిజంగా నడిచినవాడి కథ ఇట్ల ఉంటుంది. అది తన దగ్గర ఆగదు, ఇంకొకరి కోసం ప్రశ్నగా మారతుంది.

పాపకు జవాబు, నాయకులకు ప్రశ్నలు

అమ్మా, మీ అవ్వ ఎమ్మెల్యే కాకపోవడానికి కారణం ఆమె తక్కువ కష్టపడటం కాదు. ఆమె కష్టం ఇంకొకరి కయ్యలో వడ్లయింది, ఇంకొకరి గానుగలో బెల్లమయింది, ఇంకొకరి పిల్లోళ్ళ ఫీజయింది. ఆమె చేతికి భూమి రాలేదు, బడి రాలేదు, టికెట్ రాలేదు. ఎవరూ కష్టం వల్లనే నాయకులు కాలేదు, ఎవరూ సోమరితనం వల్లనే కూలోళ్ళు కాలేదు. ఇది ఆ పొద్దే నీకు చెప్పాల్సింది.

ఇక మీదట మీ ఊరికి ఏ పార్టీ నాయకుడొచ్చి చిన్నతనం కథ మొదలుపెట్టినా, తిట్టొద్దు, రాళ్ళు వెయ్యొద్దు. చెయ్యెత్తి ఈ మాటలు అడగండి:

అయ్యా, మీ ఇల్లు ఊర్లోనా, వాడలోనా?

మీ నాయనకు ఎన్ని ఎకరాలు? ఆ నేలలో నాట్లేసింది ఎవరు? వాళ్ళకు కూలి ఎంత?

మీ ఇంటి బాయిలో మావాళ్ళు చేద వేసి నీళ్ళు తోడుకున్నారా, దోసిలి పట్టినారా?

బడిలో మీ పక్కన కూర్చున్న మాల, మాదిగ పిల్లోడి పేరు గుర్తుందా? ఇప్పుడు యాడున్నాడు?

మీ గొడ్ల కొట్టంలో పేడ ఎత్తిన పిల్లోడు బడికి పోయినాడా?

మీరు కుర్చీ ఎక్కినాక మీ మండలంలో ఎన్ని ఎకరాల అసైన్డ్ భూమి తిరిగి మావాళ్ళ చేతికి ఇప్పించినారు?

వీటికి జవాబు చెప్పినవాడి కథను కూర్చొని విందాం. చెప్పలేనివాడి కథకు చప్పట్లు కొట్టేది లేదు. అయ్యవార్లారా, మీకు ప్రత్యేకంగా చెప్తున్నా. సైగ చెయ్యకండి.

అలిపిరి పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలను జనం తలమీద పెట్టుకొని ప్రదక్షిణం చేస్తారు. అక్కడే నేలకు సాగిలపడిన ఒక రాతి మనిషి ఉన్నాడు. మాలదాసరి అంటారు. నాయకులు కూడా ఆ మెట్ల మీదనే కొండెక్కుతారు. 2019 జనవరిలో పాదయాత్ర ముగించుకొని జగన్ కూడా ఈ దోవనే నడిచిపోయినాడు. కెమెరాలు ఎక్కేవాళ్ళ పాదాలను చూపిస్తాయి. ఇన్నేండ్లుగా నేలకు మొహం ఆనించి పడుకున్నవాడిని ఎవరూ చూపించరు. పేదరికం కథ చెప్పేవాళ్ళందరూ ఆ మెట్లెక్కి పోయినవాళ్ళే. పడుకున్నవాడి కథ వాడే లేచి చెప్పాల. మన పిల్లోళ్ళు చెప్తారు. ఆ ఎనిమిదో తరగతి పాప మొదలుపెట్టింది కూడా.

జై భీమ్.